దగ్గు రాని ఏడాది

దొడ్డి సగం ఊడ్చేసరికి భారతికి మళ్ళీ గొంతులో గీర మొదలైంది. చీపురు పక్కన పడేసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఒకసారితో పోలేదు. నడుం వంగిపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా వరసగా వచ్చింది.

ఆ చప్పుడుకు గొర్రెలన్నీ తడిక దగ్గరికి తోసుకొచ్చాయి. మంద ముందు నడిచే నల్లమూతి పొట్టేలు తడిక మీద తల ఆనించి, ఇంక పోదామా అన్నట్టు చూసింది.

"ఇప్పుడే కాదు. ఊరికే దగ్గినా," అంది భారతి దానితో.

వేముల దగ్గర వాళ్ళ ఊళ్ళో అందరి మందలూ అదిలిస్తే కదిలేవి. రామన్న మంద మాత్రం అతని కూతురు దగ్గితే కదిలేది. మూడేళ్ళుగా ఆమె మంద ముందు దగ్గుతూనే నడిచింది. గట్టిగా పిలవబోతే పిలుపు బదులు దగ్గు వచ్చేది. ఇంక గొర్రెలే సర్దుకుని, అదే తమను పిలిచే పిలుపు అనుకున్నాయి.

"మీ పాప దగ్గితే చాలప్పా. నీకు కట్టె గూడా అక్కర్లా," అని రామన్నను ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు.

రామన్న నవ్వేవాడు కాదు. భారతి చిన్నప్పుడే వాళ్ళమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆఖరి చలికాలమంతా ఆమె దగ్గు ఇంట్లో వినిపిస్తూనే ఉండేది. ఇప్పుడు కూతురు దగ్గినప్పుడల్లా రామన్న చేతిలో పని ఆపి, ఆ చప్పుడు పోయేదాకా అలాగే ఉండిపోయేవాడు.

పులివెందులలో ఎక్సరే తీశారు. కళ్ళె పరీక్ష చేశారు. టీబీ కాదన్నారు, ఆస్తమా కాదన్నారు. సిరప్పులు, గ్యాసు మాత్రలు, పీల్చే మందు అన్నీ అయ్యాయి. చివరికి ప్రొద్దుటూరులో ఒక గొంతు డాక్టరు సన్నటి కెమెరా పెట్టి చూసి, "లోపల రోగమేమీ లేదమ్మా. గొంతుకు దగ్గడం అలవాటైపోయింది. దాన్ని మాన్పించాలి," అని శ్యామలమ్మ అనే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాడు.

ఆ రోజు అక్కడికే మొదటిసారి వెళ్ళాలి. భారతి మిగతా సగం దొడ్డి ఊడ్చి, స్నానానికి లేచింది.

శ్యామలమ్మ గది బయట రెండు బెంచీలున్నాయి. భారతి, రామన్న ఒక దాని మీద కూర్చున్నారు. ఎదురు బెంచీ మీద నీలం చొక్కా వేసుకున్న అబ్బాయి ఒకడు చేతిరుమాలు నోటికి అదుముకుని కూర్చున్నాడు.

భారతి దగ్గింది. ఆ అబ్బాయీ దగ్గాడు.

భారతి ఆపుకోలేక మళ్ళీ దగ్గింది. అతనూ మళ్ళీ దగ్గాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చెప్పులేసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

భారతికి ఒళ్ళు మండింది. "చూడ..." అంటూ 'అన్నా' అని ముగించబోయింది. దగ్గు అడ్డం వచ్చింది. అది తగ్గాక, "ఏంది, ఎక్కిరిస్తాండావా?" అంది.

అతను కాదన్నట్టు రెండు చేతులూ ఊపాడు. నోరు తెరవడానికి భయపడి, ఫోన్లో ఏదో టైపు చేసి ఆమె వైపు తిప్పాడు. 'ఎవరైనా దగ్గితే నాకూ వస్తుంది. మీరు ఆపితే నేనూ ఆపుతాను.'

"నువ్వే ముందు ఆపు."

'అది చేతనైతే ఇక్కడికి ఎందుకు వస్తాను?'

భారతికి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గు వస్తుంది. పెదాలు బిగబట్టి కిటికీ వైపు తిరిగింది.

అప్పుడే వీధిలోంచి మైకు ఆటో ఒకటి వెళ్ళింది. పట్టుచీరల దుకాణం ప్రకటన. ఆ గొంతు తొందరపడకుండా, తేనె కారినంత నిదానంగా రమ్మని పిలుస్తోంది. చీరలు కొనే పని లేనివాళ్ళు కూడా తలతిప్పి చూసేలా ఉంది.

"ఎవురో గానీ శానా బాగ చెప్తాండాడు," అన్నాడు రామన్న.

అబ్బాయి రుమాలు తీసి, తన ఛాతీ మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "నాదే మామా. దగ్గు రాకముందుది," అన్నాడు.

ఆటో సందు తిరిగి వెళ్ళిపోయింది. భారతి అతని వైపు తిరిగి చూసింది. గొంతు ఊరంతా తిరుగుతూ ఉంటే, మనిషి ఇక్కడ నోరు మూసుకుని కూర్చున్నాడు.

అతని పేరు యువరాజ్. జమ్మలమడుగు నుంచి రోజూ ప్రొద్దుటూరు వచ్చి, ఒక చిన్న రికార్డింగు షాపులో ఆటోలకు ప్రకటనలు చదివేవాడు. తాత గొర్రెలు కాసినవాడు, తండ్రి ఇప్పుడు పత్తి వేస్తున్నాడు. ఒక జలుబు వచ్చి తగ్గింది గానీ, దాని వెంట వచ్చిన దగ్గు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు మూడు మాటలు వరసగా చదవలేడు.

శ్యామలమ్మ ఇద్దర్నీ కలిపే కూర్చోబెట్టింది.

"గొంతు అలిగి ఉంది," అంది ఆమె. "చల్లగాలి తగిలినా, అత్తరు వాసన వచ్చినా, నవ్వినా దానికి కోపమే. మీరు దగ్గినకొద్దీ ఇంకా రేగుతుంది. గీర మొదలవగానే ఒక గుక్క నీళ్ళు తాగండి. గట్టిగా మింగండి. ముక్కుతో కొంచెం గాలి పీల్చి, వేడి పాలు ఊదినట్టు మెల్లగా వదలండి. గొంతు సవరించుకోవడం కూడా వద్దు."

"దగ్గు ముంచుకొస్తే మేడం?" అన్నాడు యువరాజ్.

"వస్తుంది. అది వచ్చేలోపు కొంచెం వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని పెంచడమే మన పని."

ఊది చూపించమంది. యువరాజ్ బుగ్గలు పూరించి, కళ్ళు పెద్దవి చేసి, ఎదురుగా నిజంగానే పాలగ్లాసు ఉన్నట్టు ఊదాడు. భారతి ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు విని యువరాజ్ కూడా అందుకున్నాడు. బయట నుంచి రామన్న తలుపు తోసి తొంగి చూశాడు.

ఇద్దరూ సర్దుకునేదాకా శ్యామలమ్మ ఆగింది. "ఒకరు దగ్గితే రెండోవాళ్ళకు వస్తోంది కదా. ఇంతకంటే మంచి సాధన నేను ఇవ్వలేను. రోజూ కాసేపు ఫోన్లో మాట్లాడుకోండి. ఎవరికి గీర వస్తే వాళ్ళు ఆగాలి. రెండోవాళ్ళు ఓపిక పట్టాలి."

"ఫోన్లోనా?" అన్నాడు రామన్న గుమ్మంలోంచి.

"మందు అనుకోండి."

రామన్న కాసేపు ఆలోచించాడు. "మందంటే ఏం జేస్తాం," అని తలుపు దగ్గరికి వేశాడు.

మాట్లాడటం కోసం మొదలుపెట్టిన ఫోన్లు చాలావరకు మౌనంగానే జరిగేవి.

గీర వచ్చినప్పుడు ఫోను మీద గోటితో ఒకసారి తట్టాలని యువరాజ్ నియమం పెట్టాడు. తట్టగానే ఇద్దరూ ఆగిపోవాలి. నీళ్ళు, మింగడం, ఊదడం. మొదట్లో రెండు మాటలకు ఒకసారి టక్ మనేది. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఆ మౌనంలో భారతికి జమ్మలమడుగు వినిపించేది. ఎవరో బిందె దించిన చప్పుడు. ఇంటి వెనక కోడి. పూర్తిగా తెలియని ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒకడు తన కోసం మెల్లగా గాలి వదులుతున్న చప్పుడు. యువరాజ్‌కు ఇటు నుంచి గొర్రెలు నెమరు వేయడం, అరటితోట ఆకులు గాలికి కొట్టుకోవడం వినిపించేవి.

"ఇప్పుడు వాన వస్తాందా మీకాడ?" అని ఒకసారి అడిగాడు.

"లేదు. అరిటాకులు."

"అచ్చం వాన మాదిరే ఉంది."

"అయితే వానే అనుకో."

ఆమె ఫోను చెవికి ఆనించుకుని తోటవైపు చూస్తూ నిలబడేది. ఎండలో వాన కురుస్తున్నట్టే ఉండేది.

అవ్వ చిన్నసుబ్బమ్మకు ఇదంతా అర్థమయ్యేది కాదు. "ఎవురితోనే అంతసేపు?"

"ప్రొద్దుటూరు మేడం చెప్పినారు గదవ్వా. ఆ యువరాజ్‌తో."

"ఏం మాట్లాడతాండారు?"

"ఏం మాట్లాడ్డంలే."

"మాట్లాడకుండా ఫోనెందుకే? నేనూ మీ తాత మాట్లాడకుండానే ఉండినాం. మాకు ఫోన్లు ల్యాకనే జరిగిపోయింది."

ఫోను అవతల యువరాజ్ నవ్వు వినిపించింది. వెంటనే టక్ మంది. భారతి ఓపిక పట్టింది. ఈసారి అతను దగ్గలేదు.

అలా అలా వ్యవధి పెరిగింది. ఒక సాయంత్రం నిజంగానే వాన వచ్చింది. చల్లగాలి, తడిమట్టి వాసన, పెంకుల మీద చినుకులు. ఇదివరకు ఇందులో ఏ ఒక్కటి చాలు భారతికి దగ్గు రావడానికి. ఆమె అరుగు మీద నిలబడి చేయి చాపి, చూరునీళ్ళు పట్టుకుంటూ ఉండిపోయింది. వాన వెలిసి, చూరు కారడం ఆగిపోయాక గుర్తొచ్చింది. అంతసేపట్లో ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.

దగ్గు పోవడంతో గొర్రెలకు చిక్కొచ్చింది. తడిక తీసి భారతి ముందు నడిస్తే ఒక్కటీ కదల్లేదు. ఇంకా పిలుపు రాలేదు కదా అన్నట్టు నిలబడ్డాయి. నల్లమూతి పొట్టేలు ఆమె నోటి వైపే చూసింది. కొన్నాళ్ళపాటు రామన్నే వెనక నుంచి తోలాడు. ఈలోగా భారతి పెదాలు వదులు చేసి "ట్రుర్ర్" మని పిలవడం నేర్చుకుంది. మెల్లమెల్లగా అవి ఆ పిలుపుకు అలవాటు పడ్డాయి.

యువరాజ్ కూడా మళ్ళీ మైకు ముందు కూర్చున్నాడు. కొత్త ప్రకటన చదివిన రోజు ఫోన్ చేసి మొత్తం వినిపించాడు. నగల దుకాణం, తరుగు లేదు, మజూరీ తక్కువ. భారతి గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నది.

"ఎట్లుంది?"

"బంగారం కొనాలనిపిస్తాంది."

"కొనిస్తా."

ఆమె ఏమీ అనలేదు. అతను గాబరాపడి ఫోను తట్టాడు.

"గీర వచ్చిందా?" అంది భారతి.

"లే. అనకూడని మాట అన్నానేమోనని."

థెరపీ ఆఖరి రోజున ప్రొద్దుటూరు బస్టాండులో పులివెందుల బస్సు కోసం ఎదురుచూస్తున్నారు. రామన్న సీటు కోసం టవల్ పట్టుకుని ముందుకు పోయాడు. యువరాజ్ రెండు నీళ్ళ సీసాలు కొని, ఒకటి ఆమెకిచ్చాడు.

"ఇన్నాళ్ళయింది, నన్ను ఏమనీ పిలవవు నువ్వు," అన్నాడు.

"మొదటి రోజు అన్నా అనబోయినా. దగ్గొచ్చింది."

"ఇప్పుడు దగ్గు లేదు గదా. అను మరి."

భారతి సీసా మూత తిప్పుతూ, "ఇంక అనను," అంది.

అతను తన సీసా మూత తీయడం మర్చిపోయాడు. గీర రాకుండానే మౌనంగా ఉండడం ఇద్దరికీ కొత్త. బస్సు కిటికీలోంచి రామన్న చేయి ఊపాడు.

భారతి ఆ ముచ్చట అవ్వకు చెప్పింది, అవ్వ ద్వారా అది రామన్న దాకా వచ్చింది. అతను కోప్పడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"పిల్లోడు మంచోడే. మన వాళ్ళే. గానీ పాపా, ఇద్దరికీ అదే దగ్గు. మేడం ఏడాదికి మళ్ళా చూస్తా రమ్మన్యాది గదా. అంతవరకు ఇద్దరిదీ నిలబడాల. నిలబడితే మాట్లాడదాం. మళ్ళా ఇంట్లో దగ్గు యినే ఓపిక నాకు ల్యా."

భారతి ఆ మాట ఫోన్లో చెప్పింది.

"ఏడాదేగా," అన్నాడు యువరాజ్. "రేపొస్తాది, ఎల్లుండి పోతాది."

ఇంక మందుగా మాట్లాడే పని లేకపోయినా, ఫోన్లు ఆగలేదు. అతను చాపాడు అనే ఊరి సంతకు పోయినప్పుడు అక్కడి మేకల బేరాలు వినిపించేవాడు. ఆమె అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మొదటి అరుపు వినిపించేది. వేరుశనగ పీకారు, చీనీ చెట్లు పూశాయి, ఎండలు ముదిరి తగ్గాయి. భారతి గొంతులో ఎప్పుడైనా గీర తగిలేది. వచ్చిన బంధువు నమస్కారం అందుకున్నట్టు అందుకుని, నీళ్ళు తాగి పంపించేసేది.

దసరా సీజను మొదలయ్యింది. ప్రొద్దుటూరులో ఆ పండగ పెద్దది, దుకాణాల ప్రకటనలూ ఎక్కువే. యువరాజ్ పొద్దుననగా మైకు ముందు కూర్చుంటే సాయంత్రానికి గానీ లేచేవాడు కాదు. ఫోన్లు పొట్టివయ్యాయి. తర్వాత మెసేజీలయ్యాయి. 'పని ఉంది.' 'రేపు చేస్తా.' ఆ తర్వాత అవీ లేవు. ఆమె చేస్తే ఎత్తడం లేదు.

ఏమైందోనని భారతి భయపడుతూ ఉండగా, మైకు ఆటో వాళ్ళ ఊళ్ళోకే వచ్చింది. దసరాకు కొత్త చీరలు, పిల్లల బట్టలు. అతనిదే గొంతు. తొణకలేదు, బెణకలేదు. ఆటో రచ్చబండ దగ్గర కాసేపు ఆగి, ఆ మాటలే మళ్ళీ మళ్ళీ చెప్పింది. భారతి నెత్తి మీద గడ్డిమోపుతో అలాగే నిలబడి విన్నది.

బాగానే ఉన్నాడు. ఇంత బాగా ఉన్నవాడికి ఫోను ఎత్తడానికి తీరిక లేకపోవడం ఏమిటి. ఆ గొంతులో దగ్గు లేదు. అందులో తను కూడా లేదు.

"మీ పిల్లోడు వచ్చినాడే," అని అవ్వ మేలమాడింది.

"ఆటో వచ్చిందిలే అవ్వా," అంది భారతి. గడ్డిమోపు దించి దొడ్లోకి పోయింది.

ఏడాది పరీక్షకు ఆమె ఒక్కతే వెళ్ళింది. ఎదురు బెంచీ ఖాళీగా ఉంది. శ్యామలమ్మ మాట్లాడించింది, గట్టిగా చదివించింది, మెట్లు ఎక్కి దిగమంది.

"నీది నిలబడింది," అంది సంతోషంగా.

"ఇంక ఎప్పుడూ రాదా మేడం?"

"రాదని చెప్పను. చాలామందికి ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది. కొందరికి జలుబు చేసినప్పుడో, గొంతు బాగా వాడినప్పుడో మళ్ళీ మొదలవుతుంది. వాళ్ళు వెంటనే వచ్చి కొన్నాళ్ళు సాధన చేస్తే మొదటిసారి కంటే తొందరగా సర్దుకుంటారు. ఒంటికి ఒకసారి తెలిసింది కదా. సిగ్గుపడి దాచుకునేవాళ్ళతోనే కష్టం."

"యువరాజ్..." అని ఆగింది భారతి.

"ఇంకొకరి సంగతి నేను చెప్పకూడదమ్మా," అంది శ్యామలమ్మ. ఫైలు మూసి, "నువ్వు అడిగితే తప్పులేదు," అంది.

అడగడానికి ఫోను ఎత్తితే కదా, అనుకుంది భారతి.

రెండు రోజుల తర్వాత రోడ్డు పక్కన వేరుశనగ పీకిన చేలో మందను మేపుతోంది. మధ్యాహ్నం ఎండ పలచబడి, అరటితోటల మీద మబ్బు నీడలు పాకుతున్నాయి. పులివెందుల బస్సు వచ్చి, షెల్టరు దగ్గర ఎవరినో దించి వెళ్ళిపోయింది.

కాసేపటికి గొర్రెలన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి.

నల్లమూతి పొట్టేలు చెవులు నిక్కించి విన్నది. తర్వాత భారతి వైపు చూడనైనా చూడకుండా రోడ్డు వైపు నడిచింది. మందంతా దాని వెంట.

"ట్రుర్ర్," అని పిలిచింది భారతి. ఒక్కటీ ఆగలేదు.

ఆమె కట్టె పట్టుకుని వెంట పరుగెత్తింది. గొర్రెలు షెల్టరు చుట్టూ తిరిగి, వెనక గోడ దగ్గర మూగాయి. అక్కడి నుంచి దగ్గు వినిపించింది. రుమాలులో నొక్కిపట్టిన దగ్గు.

గొర్రెల మధ్య యువరాజ్ ముడుచుకుని కూర్చున్నాడు. నల్లమూతి పొట్టేలు అతని మోకాలు వాసన చూస్తోంది.

భారతిని చూసి లేవబోయాడు. గొర్రెలు లేవనివ్వలేదు.

"ఎప్పటి నుంచి?" అంది ఆమె.

"దసరా పని మొదలైన కాడ నుంచి." గొంతు బొంగురుగా ఉంది. "దూరం నుంచి చూసి, వచ్చే బస్సుకు పోదామనుకున్నా. ఇవి పట్టిచ్చినాయి."

"నీ గొంతు మా ఊళ్ళో తిరిగిపాయ. శుభ్రంగా ఉండావు, నేనే అక్కర్లేదేమో అనుకుంటి."

"అది ముందు చదివింది. ఇప్పుడు షాపుకు గూడా పోవడంలే."

"ఒక్క మాట చెప్పేదానికి ఏమొచ్చె నీకు?"

"ఏం చెప్పాల? మీ నాయన ఏడాది అన్న్యాడు. నాది నిలబడలా. పైగా నా దగ్గు యింటే నీకు మళ్ళా వస్తాది. నీది నిలబడింది గదా, నేనెందుకు చెడగొట్టాల?"

చెప్తూనే మళ్ళీ దగ్గాడు. ఆ చప్పుడుకు భారతి గొంతులో సన్నగా గీర పుట్టింది. పాతదే. బాగా తెలిసినదే. అతను ఆమె ముఖం చూసి భయంతో రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఆమె అతని ఎదురుగా గొర్రెల మధ్యే కూలబడింది. నడుముకు కట్టుకున్న సీసా తీసి ఒక గుక్క తాగింది. మింగింది. కళ్ళు మూసుకుని, పెదాలు గుండ్రంగా చుట్టి మెల్లగా ఊదింది. మబ్బు నీడ ఒకటి వాళ్ళ మీదుగా జరిగిపోయింది.

"చూసినావా," అంది కళ్ళు తెరిచి. "వచ్చింది. పోయింది."

అతను రుమాలు తీశాడు.

"మేడం కాడికి మళ్ళా పోవాల నువ్వు. దాచిపెట్టేటోళ్ళతోనే కష్టమంట. ఈసారి తొందరగా సర్దుకుంటాదంట. రోజూ ఫోన్ చేస్తా, ఎత్తు."

"మీ నాయనకు ఏం చెప్తావు?"

"నేను కాదు, నువ్వు చెప్పాల. పా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. గొర్లు గూడా నీ ఎంటనే వస్తాయిలే."

రామన్న అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మంద ముందు యువరాజ్, వెనక కూతురు రావడం చూసి చేతులు ఆపాడు.

"మామా," అన్నాడు యువరాజ్ నిలబడే. "నాకు మళ్ళా వచ్చింది. ఏడాది నిలబడలా. చెప్పకుండా దాచినా. తప్పే."

ఆ పైన ఇంకేదో అనబోయాడు గానీ దగ్గు తన్నుకొచ్చింది. వంగిపోయి స్తంభం పట్టుకున్నాడు. రామన్న తాడు కింద పెట్టేశాడు.

అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. భారతి అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది. చెంబు అందించింది. అతను గుక్క తాగాడు. ఆమె ఊదింది, అతనూ ఊదాడు. మళ్ళీ పొంగబోయింది. ఆమె చేయి కొంచెం ఎత్తి ఆగమంది. ఇద్దరూ ఒకేసారి గాలి వదిలారు. రెండోసారి. మూడోసారి. దగ్గు సన్నబడి, తెగి, ఆగిపోయింది.

దొడ్లో గొర్రెలు సర్దుకుంటున్న చప్పుడు మాత్రం ఉంది.

"అంతేనా?" అన్నాడు రామన్న.

"అంతే నాయనా."

"మందేమీ యేసుకోలే?"

"లే."

"నీకు గూడా మళ్ళా వస్తాదా?"

భారతి అబద్ధం చెప్పలేదు. "రావచ్చు. వస్తే ఏం జేయాల్నో తెలుసు. ఇద్దరికీ తెలుసు."

రామన్న అరుగు అంచు చేత్తో తడుముతూ ఉండిపోయాడు. "మీయమ్మ దగ్గేటప్పుడు ఎట్ల కూచోవాల్నో నాకు తెలీలా. బయటే నిలబడుకోని ఉంటి."

"అది వేరే రోగంరా," అంది అవ్వ. "నువ్వు కూచున్న్యా నిలబడినా పోయేదే. దాన్ని తెచ్చి ఈ పిల్లోల్ల మీద యేయొద్దు."

రామన్న తల్లి వైపు చూశాడు. ఆ తర్వాత యువరాజ్ వైపు తిరిగాడు.

"మీ నాయన ఇంటికాడ ఎప్పుడు దొరుకుతాడప్పా?"

యువరాజ్ మెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు. "పొద్దున్నే ఉంటాడు మామా. పత్తి చేనికి పోకముందు."

"ఊ," అన్నాడు రామన్న. తాడు అందుకుని మళ్ళీ పేనసాగాడు.

అవ్వ యువరాజ్‌కు రాగిముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. తిన్నంతసేపూ అతను ఒక్కసారే ఆగి నీళ్ళు తాగాడు. బస్సు వేళకు భారతి వాకిలి దాకా వచ్చింది. పోయొస్తాననీ, ఫోన్ చేస్తాననీ ఇద్దరూ కళ్ళతోనే చెప్పుకున్నారు.

మర్నాడు తెల్లవారక ముందే వాన తుంపర పడి ఆగింది. భారతి పొయ్యి అంటిస్తుంటే, లోపలి గదిలో పెట్టె మూత తీసిన చప్పుడయింది. కాసేపటికి రామన్న బయటికి వచ్చాడు. తలస్నానం చేసి ఉన్నాడు. గంజి పెట్టిన తెల్లపంచె, పెళ్ళిళ్ళకు తప్ప తొడగని చొక్కా. అద్దం లేకుండానే తలగుడ్డ చుట్టుకున్నాడు.

"నాయనా, యాడి..." అని భారతి నోరు తెరిచింది.

అవ్వ వెనక నుంచి వచ్చి ఆమె నోరు మూసేసింది. మంచి పనికి పోయే మనిషిని యాడికని అడగకూడదు.

రామన్న చెప్పులు వెతుక్కున్నాడు. కూతురి దగ్గరికి వచ్చి ఒక్క క్షణం నిలబడి, ఆమె తల మీద చేయి పెట్టి తీశాడు. పొట్టేలు తడిక లోంచి అరిచినా తిరిగి చూడలేదు. తడిసిన వాకిలి దాటి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, జమ్మలమడుగు బస్సు ఆగే రోడ్డు వైపు నడిచాడు.